మడ్‌గార్డుకు పూసిన పసుపు

శాలువా కప్పుతామని పిలిచే సభలకు వెళ్లకూడదని నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. అయినా పోయిన చలికాలం మా బొగ్గుబావుల ఊరి నుంచి ఎవరో ఫోను చేసి, "మేడమ్, మీరు ఈ ఊరి ఆడబిడ్డ. సైకిల్ ర్యాలీకి మీరు రాకుంటె ఎట్ల?" అనేసరికి మెత్తబడ్డాను. సైకిల్ అన్న మాటే నన్ను లాక్కుపోయింది. చండ్రుగొండ దాటాక అడవిలోకి మళ్లే ఆ రోడ్డు మీదే నేను సైకిల్ నేర్చుకున్నాను. ఆ రోడ్డు మీదే మా నాయిన బొగ్గుబాయి డ్యూటీకి సైకిల్ తొక్కాడు. సరే అని వెళ్లాను. చెక్‌పోస్టు దగ్గర షామియానా వేశారు. కార్ల నెత్తిన కట్టి తెచ్చిన సైకిళ్లను దింపుతున్నారు. ఒంటికి అతుక్కుపోయే బనీన్లు, చేతులకు తొడుగులు, నల్లద్దాలు, హెల్మెట్లు. ఫ్లెక్సీ నిండా నాయకుల మొహాలే, సైకిల్ బొమ్మ మాత్రం కింద ఒక మూలన బొటనవేలంత ఉంది. అందరూ అడవి మలుపు దాకా తొక్కి, అక్కడ ఫొటోలు దిగి, తిరిగొచ్చి ఇడ్లీ ప్లేట్లతో కూర్చున్నారు. రోడ్డు ఖాళీగా ఉంది. ఎందుకంత ఖాళీగా ఉందో ఆలోచించాలని అప్పుడు నాకు తట్టలేదు.

తర్వాత బడిపిల్లల నాటిక. ఒక అమ్మాయి నెత్తికి దూది అంటించుకుని, నడుం వంచి, నోట్లో ఏదో నములుతూ వేదిక మీదికి వచ్చింది. కొడుకు సైకిల్ వెనక మడ్‌గార్డుకు గిన్నెలోంచి పసుపు తీసి పూసింది. పూస్తూ తుపుక్కున ఉమ్మింది. జనం పడీపడీ నవ్వారు. వెనక నల్లగుడ్డ దించారు. మైకులో ఒకాయన "అమావాస్య రాత్రి, కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి" అన్నాడు. అట్టముక్కలతో చేసిన లారీ వచ్చింది, కొడుకు వేషం వేసిన పిల్ల కింద పడింది, ముసలమ్మ గుండెలు బాదుకుంది. చివర అందరూ వరసగా నిలబడి "మూఢనమ్మకం వద్దు, స్టిక్కరే ముద్దు" అని చేతులు ఊపారు. పక్కన కూర్చున్న పెద్దమనిషి నా వైపు వంగి, "మన ఏరియాల నిజంగ జరిగిన కథనే మేడమ్, తెలుసా మీకు?" అన్నాడు. నాకు తెలుసు. ఆ ముసలమ్మ మా అవ్వ. కింద పడ్డది మా నాయిన. నోట్లో ఇడ్లీ చేదుగా తగిలింది, లేచి అవతలికి పోయి ఉమ్మేసి వచ్చాను.

మేమప్పుడు బాయి క్వార్టర్లలో ఉండేవాళ్లం. సెల్‌ఫోను ఇంకా సేట్లకూ కాంట్రాక్టర్లకూ మాత్రమే ఉన్న రోజులు. లైనులో ప్రతి గుమ్మం ముందూ ఒక సైకిల్ ఉండేది. డ్యూటీ దిగి, స్నానం చేసి, ఇంత తిన్నాక నాయిన చేసే మొదటి పని సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టడం. కిరసనాయిలు తడిపిన గుడ్డతో చైను మీది బొగ్గుపొడి తుడిచేవాడు. తర్వాత అమ్మ తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా అడిగేవాడు, అమ్మ రోజూ తిట్టేది, రోజూ ఇచ్చేది. కిరసనాయిలు, కొబ్బరినూనె, తడి బొగ్గు, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు, ఇవన్నీ కలిసిన వాసనే నాకు సాయంత్రం అంటే. పొద్దున బయల్దేరేముందు నాయిన బెల్లును ఒకసారి ముట్టుకుని కళ్లకద్దుకునేవాడు. టిఫిన్ క్యారియరును పాత ట్యూబు ముక్కతో క్యారేజీకి బిగించి కట్టేవాడు. బండి కొనుక్కోమని ఎవరైనా అంటే, "నా గుర్రం గడ్డి గూడ అడగదు" అని నవ్వేవాడు. నాకు ఇంటర్ అయ్యి డిగ్రీలో చేరినప్పుడు ఒక పాత లేడీస్ సైకిల్ తెచ్చి, దానికీ అంతే సేవ చేసేవాడు. నేను దాని మీద బస్సు స్టేజీ దాకా పోయేదాన్ని.

కొత్త ఓపెన్‌కాస్టు గని తెరిచాక మా రోడ్డుకు శని పట్టింది. అంతకుముందు ఆ రోడ్డు సైకిళ్లది. షిఫ్టుకు పోయేవాళ్లు, షిఫ్టు దిగి వచ్చేవాళ్లు, అడవి గూడేల నుంచి కట్టెమోపులు, ఇప్పపువ్వు బస్తాలు కట్టుకుని వచ్చేవాళ్లు, అందరూ మాట్లాడుకుంటూ తొక్కేవాళ్లు. కాంట్రాక్టరు టిప్పర్లు వచ్చాక మాటలు పోయాయి. ఎన్ని ట్రిప్పులు కొడితే అంత కూలి కాబట్టి డ్రైవర్లు ఒకరినొకరు దాటుకుంటూ పోయేవాళ్లు. వెనక నుంచి హారను కొడితే, రోడ్డు దిగి చావమని అర్థం. దిగడానికి పక్కన జాగా ఉంటే కదా! తారు మీద తారు వేసీ వేసీ రోడ్డు అంచు మోకాలి ఎత్తు లేచింది, పక్కన మట్టి వానలకు కోసుకుపోయింది. చక్రం ఒకసారి జారిందంటే సైకిలూ మనిషీ కలిసి పడాల్సిందే. పడి లేచినవాణ్ణి చూసి డ్రైవర్లు నవ్వేవాళ్లు. ఆ నవ్వులు ఇప్పటికీ నాకు రోతగానే ఉంటాయి.

మా అవ్వ అంటే నాయిన తల్లి, మల్లవ్వ. ఆమెకు లేవగానే ఆకూ వక్కా పడాలి. నడుముకు దోపుకున్న సంచిలో తమలపాకులు, వక్కలు, ఒక చిన్న సున్నపు డబ్బీ ఉండేవి. ఆమె కుడిచేతి చూపుడువేలు చివర ఎప్పుడూ తెల్లగానే ఉండేది, ఏ గిన్నె ముట్టుకున్నా చుక్క పడేది, అమ్మ విసుక్కునేది. ఒక చలికాలం తెల్లారుజామున నాయిన ఫస్టు షిఫ్టుకు పోతుంటే అవ్వ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నాలుగు ఇళ్లు దాటగానే కొడుకు మంచులో కలిసిపోయాడు. "నా కొడుకును కన్నతల్లి కండ్లకే అవుపడ్తలేడు, ఇగ లారోనికేం అవుపడ్తడు?" అని ఆ రోజంతా గొణిగింది. సాయంత్రం నాయిన సైకిల్ తుడుస్తుంటే వచ్చి, డబ్బీలోని సున్నమంతా వేలితో గీకి వెనక మడ్‌గార్డుకు పూసింది.

"ఏందవ్వా, సైకిల్‌కు పాన్ తినిపిస్తున్నవా?" అన్నాడు నాయిన.

"నోర్ముయ్. రేపు పొద్దుగాల చూస్త, యాడిదాక అవుపడ్తవో."

మర్నాడు నాయిన లైను చివర మలుపు తిరిగేదాకా ఆ తెల్లటి ముక్క కనబడుతూనే ఉంది. అవ్వ ఇంట్లోకి వచ్చి, గెలిచినట్టు మొహం పెట్టుకుని కొత్త ఆకు చుట్టుకుంది. ఇక అది లైనంతా పాకింది. శుక్రవారం గడపలకు పసుపు రాసి ముగ్గు వేశాక, ఆడవాళ్లు గోడల సున్నంలో గుడ్డ ముంచి మడ్‌గార్డులకు పూసేవాళ్లు. వారం తిరిగేసరికి బొగ్గుపొడికి అది నల్లబడేది, మళ్లీ పూసేవాళ్లు. సున్నం పెయింటును తినేస్తుందని మగవాళ్లు సణిగితే, "మనిషిని తినకుంటె సాలు" అనేది అవ్వ. నా లేడీస్ సైకిల్‌కూ పూసింది. కాలేజీ పిల్లలు నవ్వుతారని నేను మూతి ముడిస్తే నెత్తి మీద ఒక్కటిచ్చింది.

అవ్వ సున్నం చూసి నాయినకు పట్టుదల వచ్చింది. ఆదివారాలు తోటివాళ్లను కూడగట్టి, గుట్ట నుంచి మొరం తవ్వి తట్టలతో మోసి రోడ్డు అంచు నింపేవాడు. ఒక పెద్ద వానకు అదంతా కొట్టుకుపోయేది, మళ్లీ నింపేవాళ్లు. ఆ తర్వాత అందరి చేతా సంతకాలు, వేలిముద్రలు పెట్టించి గని ఆఫీసుకు పట్టుకుపోయాడు. ఆయన అడిగింది పెద్ద కోరికేం కాదు. రోడ్డు పక్కన సైకిళ్లకు గట్టి మొరం బాట వేయాలి. అది వేసేదాకా షిఫ్టులు మారే వేళకు టిప్పర్లు ఆపాలి. నేనూ ఆ రోజు వెంట ఉన్నాను, అర్జీ నా దస్తూరీలోనే ఉంది కనుక. కుర్చీలో ఉన్న సారు చదవకుండానే పక్కన పెట్టి, "టిప్పర్లు ఆగేవి కావు లింగయ్యా. ఆపాలంటే పైనుంచి ఆర్డరు కావాలి, దానికి చాలా ఉంటుంది" అన్నాడు.

"గంట ఆపితే బొగ్గేమన్న మురుగుతదా సార్?" అన్నాడు నాయిన, చేతులు కట్టుకునే.

గదిలో ఒకరిద్దరు నవ్వాపుకున్నారు. సారు మొహం మాడ్చుకుని, పండుగ కానీయండి, దసరా తర్వాత మీటింగు పెట్టి తేల్చేద్దాం అన్నాడు. నాయిన ఆ మాట నమ్మాడు. ఇంటికి వస్తూ దారి పొడుగునా నాతో మొరం బాట ఎంత వెడల్పు ఉంటే బాగుంటుందో చెప్పుకుంటూ వచ్చాడు.

ఇక ఆ దసరా. బతుకమ్మ రోజుల్లో గౌరమ్మను చేయగా మిగిలిన పసుపు ఇంట్లో గిన్నెడు ఉంది. పండుగ నాడు మా వైపు పనిముట్లకు పూజ చేస్తారు. నాయిన పార, గొడ్డలి, అమ్మ కత్తిపీట, చివరికి నా జామెట్రీ బాక్సు కూడా వరసలో పెట్టారు. సైకిళ్లు కడిగి, బంతిపూల దండలు కట్టారు. అవ్వ పసుపు గిన్నె పట్టుకుని నాయిన సైకిల్ వెనక్కి వెళ్లి, తెల్లటి మడ్‌గార్డు నిండా పసుపు మెత్తింది. సున్నం మీద పసుపు పడితే ఏమవుతుందో ప్రతి ఇంట్లోనూ తెలుసు. దిష్టి తీసే ఎర్రనీళ్లు అట్లాగే కదా కలిపేది! క్షణంలో మడ్‌గార్డంతా ముదురెరుపు తిరిగింది. చూసి మా అమ్మ, "అత్తమ్మా, తెలుపంత పోయె గదా" అంది.

"పోతే పోనియ్. తెలుపు లారోని కంటికి, ఎరుపు దిష్టి కంటికి. నాలుగూర్లోళ్ల కండ్లు నా కొడుకు మీదనే ఉన్నయ్ ఇప్పుడు, ఆఫీసుకు వొయి కొట్లాడొచ్చిండు గద. ఐతారం మల్ల సున్నం పూస్త" అంది అవ్వ.

ఆమె పూసిందని లైనులో ఆడవాళ్లంతా పూశారు. ఆ సాయంత్రం జమ్మి చెట్టు దగ్గర నిలబెట్టిన సైకిళ్లన్నింటి వెనకలూ ఎర్రగా మెరుస్తుంటే నాకు చాలా అందంగా అనిపించింది. ఆ మాట ఎవరికైనా చెప్పాలంటే తర్వాత భయపడాల్సి వచ్చింది.

మర్నాడు నాయినది సెకండ్ షిఫ్టు. పండుగనాటి మాంసం కూరతో మధ్యాహ్నమే తిని, ఎండ నెత్తి మీద ఉండగానే బయల్దేరాడు. నేను వాకిట్లో బట్టలు ఆరేస్తున్నాను. ఆరేసిన చీర అంచు నుంచి నీళ్లు కారడం ఇంకా ఆగలేదు, ఒకతను రొప్పుతూ వచ్చి, "జల్దీ నడువు చెల్లే, లింగన్నను టిప్పర్ గుద్దింది" అన్నాడు. నా సైకిల్ ఎక్కి తొక్కాను. అడవి మలుపు తిరగ్గానే దూరంగా జనం గుంపు, రోడ్డు కింద పడి ఉన్న సైకిల్ కనబడ్డాయి. అంత దూరం నుంచి అది మా సైకిలే అని నేను గుర్తుపట్టింది ఆ ఎర్ర మడ్‌గార్డు చూసే. ఎండకు అది భగభగమంటోంది. ఒక టిప్పరు ఇంకో టిప్పరును దాటుతూ అంచుకు నెట్టుకొచ్చిందని, సైకిల్ చక్రం తారు మీది నుంచి జారి నాయిన పడ్డాడని, టిప్పరు వెనక చక్రం ఆయన కాలి మీద నుంచి పోయిందని అక్కడున్నవాళ్లు చెప్పారు. దవాఖానాలో కుడికాలు మోకాలి కింద నుంచి తీసేశారు. మనిషి మిగిలాడు.

దసరా తర్వాత అంటూ చెప్పిన ఆ మీటింగు నిజంగానే పెట్టారు. కమ్యూనిటీ హాలులో మా సైకిల్‌ను బల్ల పక్కన నిలబెట్టారు. కాంట్రాక్టరు మనిషి తెల్లచొక్కాలో వచ్చాడు. మొరం బాట సంగతి ఎవరూ ఎత్తలేదు. సారు లేచి మడ్‌గార్డును పెన్నుతో తట్టి, "చూడండి. మీ అంతట మీరే సున్నం వేసుకున్నారు, మెచ్చుకున్నాం. మళ్లీ మీరే పసుపు పూసి దాన్ని కనబడకుండా చేశారు. ఇక డ్రైవరును ఏమనాలి?" అన్నాడు. తెల్లచొక్కా కిసుక్కున నవ్వాడు. నాయిన షిఫ్టులో పనిచేసే ఒకాయన లేచి, "సార్, గుద్దింది పగటీలి. ఎండ దంచుతుండె" అన్నాడు. "పగలైనా రాత్రయినా నిర్లక్ష్యం నిర్లక్ష్యమే, కూర్చో" అన్నాడు సారు. ఆ మాటకు నాకు అసహ్యం వేసింది. అంతకన్నా అసహ్యం వేసింది మావాళ్లను చూసి. నాయినతో కలిసి మొరం మోసినవాళ్లు, అవ్వ చేతి ఆకు తిన్నవాళ్లు, అవును నిజమే కదా అని తలలూపారు. టిప్పరుతో కొట్లాడటం కన్నా ముసలమ్మను తప్పుపట్టడం సులువు. పది రోజులు తిరక్కుండానే బాయి గేటు దగ్గర పచ్చరంగు బోర్డు వెలిసింది, సైకిల్ మడ్‌గార్డులకు పసుపు పూయరాదు అని. మనిషికొక మెరిసే స్టిక్కరు పంచారు. రోడ్డు భద్రత కోసం మా ఊళ్లో జరిగిన పని మొత్తం అదే. టిప్పర్లు ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

అవ్వ ఆ తర్వాత చాలా ఏళ్లు బతికింది, కానీ ఆకు మానేసింది. సున్నపు డబ్బీ మూత తీయలేదు. గడపకు పసుపు కూడా ఆమె రాయలేదు, అమ్మ రాసేది. నీళ్ల పంపు దగ్గర ఆడవాళ్లు ఆమె రాగానే గొంతు తగ్గించేవాళ్లు. నాయిన ఎన్నిసార్లో చెప్పాడు, "అవ్వా, వాడు నన్ను చూసిండు. హారన్ గూడ కొట్టిండు. చూడకుంటె హారనెట్ల కొడ్తడు?" అని. ఆమె వినేది, వినీ కర్ర పట్టుకుని నడిచే కొడుకును చూసి మొహం తిప్పుకునేది. ఒకసారి నేను కోపంతో గట్టిగానే అడిగాను.

"మధ్యానమే గదవ్వా గుద్దింది, నువ్వు చెప్పు, మధ్యానమా కాదా?"

"అవ్, మధ్యానమే."

"మరి నీ పసుపేం చేసింది?"

"అంతమంది చదువుకున్నోళ్లు అన్నరు గద బిడ్డా. ఉత్తగనే అంటరా?" అంది అవ్వ.

అట్లా నమ్ముకునే పోయింది. ఆమె చేత ఆ మాట నమ్మించినవాళ్ల మీద నాకున్న కోపం ఇన్నేళ్లకూ వీసమెత్తు తగ్గలేదు, తగ్గాలని కూడా నేను కోరుకోవడం లేదు.

అందుకే ఆ రోజు షామియానా కింద నల్లగుడ్డ దించి అమావాస్య అన్నప్పుడు నా చెవులు నేనే నమ్మలేకపోయాను. దసరా నాటికి చంద్రుడు ముప్పావు నిండి ఉంటాడన్న ఇంగితం కూడా లేదు. పగటిని రాత్రి చేశారు, కాలు పోయినవాణ్ణి చంపేశారు, కాంట్రాక్టరును కథలోంచే తీసేశారు. మైకు నా చేతికి ఇచ్చాక చెప్పాను. ఆ ముసలమ్మ పేరు మల్లవ్వ, మా నాయనమ్మ అన్నాను. ప్రమాదం మిట్టమధ్యాహ్నం జరిగింది, ఆ ఎర్ర మడ్‌గార్డు మలుపు కాడి నుంచే నాకు కనబడింది, పంతొమ్మిదేళ్ల దాన్ని, ఏడుస్తున్న కళ్లతో చూసినా కనబడింది అన్నాను. తర్వాత చప్పట్లు కొట్టారు! నేను ఏం చెప్పినా కొట్టేవాళ్లే. శాలువా కప్పారు, దాన్ని కుర్చీ మీదే వదిలేసి కిందికి దిగాను. నిర్వాహకుడు, బిగుతు బనీను ఆయన, వెంట వచ్చాడు. "ఫీలైండ్రా మేడమ్? పగలు అని పెడితె నాటికల దమ్ము రాదు, అందుకే రాత్రి పెట్టినం, అంతే" అన్నాడు. కారు దాకా వచ్చి, నన్ను సంతోషపెట్టాలని కాబోలు, రోడ్డు వైపు చెయ్యి చాపి గర్వంగా చెప్పాడు, "మీరు గమనించిండ్రా, పొద్దుగాల కెళ్లి ఒక్క టిప్పర్ గూడ లేదు. ర్యాలీ ఉందని ఆపించినం. ఒక్క ఫోన్ చేస్తే అయిపాయె." నేను ఖాళీ రోడ్డు వైపు చూశాను. అంచు ఇప్పటికీ అంతే ఎత్తున ఉంది, పక్కన మొరం లేదు, కోసుకుపోయిన మట్టిలో ఇడ్లీ ప్లేట్లు ఎగురుతున్నాయి.

నాయిన ఇప్పుడు అదే ఊళ్లో మా తమ్ముడి ఇంట్లో ఉంటున్నాడు. నేను వెళ్లేసరికి వరండాలో మంచం మీద కూర్చుని, మిగిలిన కాలికి నూనె మర్దన చేసుకుంటున్నాడు, అదే కొబ్బరినూనె. ర్యాలీ ఎట్లా జరిగిందని అడిగాడు. నాటిక సంగతి చెప్పలేదు, ఆయనకు ఆ రోత ఎందుకు? ర్యాలీకని టిప్పర్లు ఆపారని మాత్రం చెప్పాను. నూనె రాస్తున్న చెయ్యి ఆగింది.

"ఎవరు ఆపిండ్రు?"

"వాళ్లే. ఫోన్ చేసి ఆపించిండ్రంట."

"ఎంతసేపు?"

"పొద్దున్నించి, ర్యాలీ అయిపోయేదాక."

నాయిన రోడ్డు వైపు చెవి పెట్టాడు. మేము మాట్లాడుతుండగానే మొదటి టిప్పరు హారను వినబడింది, దాని వెనక ఇంకొకటి. ఆయన సీసా మూత బిగించి పక్కన పెట్టాడు.

"అంటే, ఆపితే ఆగుతయన్నట్టు" అన్నాడు. తర్వాత నాతో కాదు, గోడ మీది అవ్వ ఫొటోతో అన్నాడు, "ఇన్నవా అవ్వా?"